కోర్సు ఎత్తేస్తరంటున్నరు, మా డిగ్రీ ఏమైతది?

బిడ్డా, నువ్వు అడిగినయ్ రెండు ముచ్చట్లు. స్టేట్ యూనివర్సిటీల ఎం.ఏ. ఫస్టియర్ చదువుతున్నవ్, ఫండ్స్ లేవు, అడ్మిషన్లు లేవు, వచ్చే ఏడు నుంచి మీ కోర్సు తీసేస్తరని డిపార్ట్‌మెంట్ల అనుకుంటున్నరు, అట్లయితే నీ డిగ్రీ చెల్లుతదా అనేది ఒకటి. డిగ్రీ ఫైనలియర్ల ఉన్న మీ తమ్ముడిని అదే కోర్సుల చేర్పియ్యాల్నా వద్దా అనేది రెండోది. నేను ఇటు దిక్కే ఒక యూనివర్సిటీల ముందు అకడమిక్ సెక్షన్ల, తర్వాత ఫైనాన్స్ సెక్షన్ల చాన్నాళ్లు పనిచేసి రిటైరైన, ఇప్పుడు హన్మకొండల ఉంటున్న. కోర్సులు పెట్టే ఫైళ్లు చూసిన, మూసే ఫైళ్లు సుత చూసిన. అందుకే జెర పొడుగ్గనే చెప్త, ఓపిక చేసుకొని చదువు.

ముందుగాల భయం తీరే మాట చెప్త. నీ డిగ్రీకి ఏం కాదు. పట్టా ఇచ్చేది డిపార్ట్‌మెంట్ కాదు, యూనివర్సిటీ. చట్టంతోని ఏర్పడ్డ యూనివర్సిటీకి డిగ్రీ ఇచ్చే అధికారం 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ కింద ఉంటది. నువ్వు చదివిన కోర్సు రూల్ ప్రకారం నడిచింది, నువ్వు పాసైనవ్ అంటే చాలు, ఆ తెల్లారే కోర్సు మూసినా నీ పట్టా పట్టానే. నెట్ అయినా, సెట్ అయినా, జూనియర్ లెక్చరర్ పోస్టు అయినా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అయినా ఏ సబ్జెక్టుల పీజీ చేసినవ్, ఎంత పర్సెంటేజీ అని చూస్తరు గని ఆ కోర్సు ఇంకా నడుస్తుందా అని ఎవరూ అడగరు. ఇంకోటి, కోర్సు మూసుడంటే మామూలుగా కొత్త అడ్మిషన్లు ఆపుడు, నడుమల ఉన్నోళ్లను ఇంటికి పంపుడు కాదు.

కష్టం ఇంకో కాడ ఉంటది, అది పిల్లలకు ఎవరూ ముందుగాల చెప్పరు. బ్యాక్‌లాగ్. మామూలు రోజులల్ల ఒక పేపర్ పోతే ఏమైతది, కింది బ్యాచ్‌తోని కూసొని రాస్తరు. మీది ఆఖరి బ్యాచ్ అయిందనుకో, మీ ఎనుక బ్యాచ్ ఉండదు. అప్పుడు మీ ఒక్కరికోసం పాత సిలబస్‌తోని పేపర్ సెట్ చేపియ్యాలె, దిద్దే మనిషిని ఎతకాలె, ఆ సబ్జెక్టు టీచర్ క్యాంపస్‌ల లేకపోతే వేరే యూనివర్సిటీకి పంపాలె, ఎగ్జామినేషన్ బ్రాంచ్‌ల ఒక్క హాల్‌టికెట్ కోసం ఇదంతా చెయ్యనీకి ఫైలు నడువాలె, నడుస్తది గని నెమ్మదిగ నడుస్తది. ఒక్క పేపర్ మిగిలి ఏండ్లు తిరిగిన పిల్లలను నేను చూసిన, పెండ్లయి పిల్లను సంకన ఏసుకొని వచ్చి సప్లిమెంటరీ నోటిఫికేషన్ ఎప్పుడు సార్ అని అడిగినోళ్లు ఉన్నరు. అందుకే సెకండియర్ల ఇంకేం చేసినా చెయ్యకపోయినా, ఒక్క పేపర్ సుత ఎనుకకు ఉంచకు. ఇంటర్నల్స్ రాయకుండ వదిలిపెట్టకు, ప్రాజెక్టు ఉంటే గైడ్ ఎవరో ఇప్పుడే తేల్చుకో, ఆ గైడ్ ఎప్పుడు రిటైరైతడో సుత మర్యాదగ అడిగి తెలుసుకో. ఎలెక్టివ్స్ ముచ్చట వేరే చెప్పాల్నా, మనిషి లేకపోతే ఉన్న సార్ ఏది చెప్తే అదే మీ ఎలెక్టివ్.

ఇగ కోర్సు ఎట్ల మూతపడ్తదో చెప్త. నోటీసు బోర్డు మీద కాయితం పెట్టిన రోజు మూతపడదు. అంతకు పదేండ్ల ముందు, ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ కుర్చీల ఎవరినీ కూసోబెట్టని రోజు మొదలైతది. ఆయన క్లాసులు కొన్ని పార్ట్ టైం టీచర్‌కు, గంటల లెక్క. ఇంకో ఇద్దరు రిటైరైతరు, వాళ్లయి సుత అట్లనే. స్పెషలైజేషన్లు తగ్గుతయ్. పీహెచ్‌డీ గైడ్లు ఉండరు కాబట్టి రీసెర్చ్ ఆగిపోతది. చదివిపోయిన పిల్లలు ఊళ్లె "అక్కడ చెప్పేటోళ్లే లేరు" అంటరు, మరుసటేడు సగం సీట్లు నిండుతయ్, ఆ పై ఏడు అందులో సగం, అప్పుడు మీటింగుల "ఈ కోర్సుకు డిమాండ్ లేదు" అని రాస్తరు. తూము మూసి, పొలం ఎండినంక ఈ భూమిల పంట పండదని రాసినట్టు. డిమాండ్ లేదన్న మాట నేను వందశాతం అబద్ధం అనను, కొన్ని కోర్సులకు నిజంగనే పిల్లలు తగ్గిర్రు, కానీ టీచర్లను ఇచ్చి చూసినంక తగ్గిర్రా, ఇయ్యకనే తగ్గిర్రా అనేది ఎవరూ లెక్క తియ్యరు, నా బాధ అదే.

మన రాష్ట్రంల పోస్టుల కత అందరికీ తెలిసిందే. 2017ల యూనివర్సిటీలల్ల 1,061 పోస్టులు నింపనీకి ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చింది, అవి నిండలే. 2022 సెప్టెంబర్ల కామన్ రిక్రూట్‌మెంట్ బోర్డు బిల్లు, అంటే యూనివర్సిటీల పోస్టులన్నీ ఒకే బోర్డుతోని నింపే బిల్లు, అసెంబ్లీల పాసైంది, అది గవర్నర్ కాడ ఆగి, తర్వాత రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. 2024 మేల వీసీల పదవీకాలం అయిపోతే అక్టోబర్ దాకా ఐఏఎస్ ఆఫీసర్లే ఇన్‌చార్జిలుగ ఉన్నరు, ఒక్కొక్కరికి సొంత శాఖల పనే తలకు మించి ఉంటది, అటువంటప్పుడు ఒక చిన్న డిపార్ట్‌మెంట్ ఫైలు ఎవరు తెరుస్తరు. 2025 మొదట్ల యూజీసీ స్కేల్ టీచర్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు పెంచిర్రు, దానితోని ఉన్నోళ్లు ఇంకొన్నేండ్లు ఉంటరు, అది ఊపిరి పీల్చుకునే టైము మాత్రమే. కొత్తోళ్లు రాకుండ ఆ అయిదేండ్లు గడిస్తే అందరూ ఒక్కసారే పోతరు.

పైసల సంగతి. దీని మీద బయట మస్తు అపోహలున్నయ్. యూనివర్సిటీకి ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటుల దాదాపు అంతా జీతాలకు, పెన్షన్లకే పోతది, చాలాసార్లు వాటికే సరిపోదు. పెన్షన్ బరువు బయటోళ్లకు కనపడదు. 2004 సెప్టెంబర్‌కు ముందు చేరినోళ్లకు పాత పెన్షనే, అది యూనివర్సిటీ ఖాతాల నుంచే పోవాలె, రిటైరైనోళ్లు పెరుగుతుంటరు, పనిచేసేటోళ్లు తగ్గుతుంటరు. మిగిలిన కరెంటు బిల్లు, ల్యాబులు, లైబ్రరీ, పార్ట్ టైం వాళ్ల బిల్లులు ఎక్కడ నుంచి రావాలె? ఎగ్జామ్ ఫీజులు, కాలేజీల అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల (అంటే పిల్లల ఫీజుల మీదనే నడిచే కోర్సుల) ఫీజులు, దూరవిద్య. ఈ నాలుగు నల్లాలూ సన్నబడ్డయ్. కాకతీయ యూనివర్సిటీనే చూడు. 1976ల పెట్టిర్రు, అంతకుముందు అది ఉస్మానియా పీజీ సెంటర్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా కాలేజీలు సుత దాని కిందనే ఉండేవి, 2008ల శాతవాహన యూనివర్సిటీ వచ్చినంక అవి అటు పోయినయ్. జిల్లాకో యూనివర్సిటీ రావుడు మంచిదే, కరీంనగర్ పిల్ల కరీంనగర్లనే చదువుకోవాలె, కానీ ఒక యూనివర్సిటీ ఫీజుల మీద ఇద్దరు బతకాల్సి వచ్చినప్పుడు గ్రాంటు పెరగాలె, ఆ లెక్క ఎవరూ గట్టిగ అడగలే. దూరవిద్యకు యూజీసీ రూల్స్ బిగించినంక ఆ ఆమ్దానీ సుత ముందటి లెక్క లేదు. ఇగ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు నడిచేదే ఆ పైసల మీద, స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌ల శాంక్షన్ అయినట్టు కనపడ్తది, ఖాతాల పడదు.

ఇదే వరంగల్‌ల ఎన్ఐటీ ఉంది కదా, 1959ల ఆర్ఈసీగ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగ) మొదలైంది, దానికి పైసలు సెంట్రల్ నుంచి వస్తయ్. ములుగుల సమ్మక్క సారక్క ట్రైబల్ యూనివర్సిటీ సుత సెంట్రల్‌దే. వాటికి వచ్చుడు నాకు సంతోషమే. కానీ భూపాలపల్లి నుంచో, మహబూబాబాద్ నుంచో, ఆసిఫాబాద్ నుంచో వచ్చే పిల్ల ఎక్కువశాతం చేరేది స్టేట్ యూనివర్సిటీలనే. అక్కడ కోర్సు పోతే ఆ పిల్లకు హైదరాబాద్ల రూము కిరాయి కట్టే స్తోమత ఉండదు, చదువే ఆపేస్తది. ఆ సంగతి ఏ బడ్జెట్ కాయితంల రాయరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోర్సు మూస్తే నిజంగ పైసలు మిగులుతయా? ఫైనాన్స్ సెక్షన్ల కూసున్నోనిగ చెప్తున్న, మన దగ్గర పెద్దగ మిగలయ్. ఇద్దరు పర్మనెంట్, నలుగురు పార్ట్ టైం ఉన్న డిపార్ట్‌మెంట్ అనుకో. మూసినంక పర్మనెంట్ ఇద్దరి జీతం ఆగదు, వాళ్లు వేరే డిపార్ట్‌మెంటుకో, డిగ్రీ కాలేజీకో పోతరు. బిల్డింగ్ ఉంటది, అటెండర్ ఉంటడు, కరెంటు ఉంటది. ఆగేది పార్ట్ టైం వాళ్ల గంటల బిల్లు, అది యూనివర్సిటీ ఖర్చుల చిన్న ముక్క. పైగా పిల్లల నుంచి వచ్చే ఫీజు సుత పోతది. అంటే బడ్జెట్ కోసం మూస్తున్నం అని ఎవరన్నా అంటే మొదలు అడగాల్సింది "ఎంత మిగులుతది, కాయితం మీద చూపియ్యిర్రి" అని. చాలాసార్లు ఆ కాయితమే ఉండదు.

అమెరికాల సుత ఇదే నడుస్తుంది, మన పిల్లలు ఎమ్మెస్‌కు పొయ్యే పబ్లిక్ యూనివర్సిటీలలనే, అందుకే తెలుసుకోవాలె. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీల 2023ల సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు చూపిచ్చి సెప్టెంబర్ల వాళ్ల బోర్డు ఓటు ఏసి 28 ప్రోగ్రాములు తీసేసింది, 143 టీచింగ్ పోస్టులు పోయినయ్. విదేశీ భాషల డిగ్రీలు పోయినయ్, మ్యాథ్స్‌ల పీహెచ్‌డీ సుత పోయింది, అంటే ఆర్ట్స్ సబ్జెక్టులే పోతయ్ మన సైన్సుకు ఏం కాదు అనుకునేటోళ్లు ఇది చూడాలె. అక్కడ మనుషులను తీసేస్తరు కాబట్టి పైసలు మిగులుతయ్, మన దగ్గర లెక్క వేరే, అది గుర్తుపెట్టుకో. ఇంకో ఉదాహరణ నాకు ఎక్కువ ఉపయోగం అనిపిచ్చింది. విస్కాన్సిన్ యూనివర్సిటీ స్టీవెన్స్ పాయింట్ క్యాంపస్‌ల 2018 మార్చిల 45 లక్షల డాలర్ల లోటు అని చెప్పి 13 మేజర్లు, అంటే డిగ్రీల మెయిన్ సబ్జెక్టులు, తీసేస్తమన్నరు, ఇంగ్లిష్, హిస్టరీ, ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ అన్నీ అందుల ఉన్నయ్. పిల్లలు, టీచర్లు, ఊరోళ్లు గట్టిగ మాట్లాడిర్రు. అదే ఏడు చివరికి లిస్టు ఆరుకు తగ్గింది, 2019 ఏప్రిల్‌ల ఒక్కటి సుత తియ్యం అన్నరు, ఎందుకంటే రిటైరైనోళ్లు, మానేసి పోయినోళ్ల జీతాలతోనే లోటు చాలావరకు పూడింది. మన దగ్గర ఖాళీ పోస్టుల మీద ఏండ్లకేండ్లు అట్లనే మిగులు చేసిర్రు, ఆ మిగులు లెక్కల్ల చూపియ్యకుండ మళ్ల కోర్సు సుత తీసేస్తమంటే ఒకే ఖర్చును రెండుసార్లు కోసుడు కాదా?

సరే, నువ్వేం చెయ్యాలె. మొదలు ఒక తేడా తెలుసుకో. "ఈ ఏడు అడ్మిషన్లు ఆపుతున్నం" అనుడు వేరు, "కోర్సు రద్దు" అనుడు వేరు. రద్దుకు ఒక దారి ఉంటది, బోర్డ్ ఆఫ్ స్టడీస్ మాట్లాడాలె, అకడమిక్ సెనేట్ స్టాండింగ్ కమిటీకి పోవాలె, ఆఖరుకు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. అడ్మిషన్లు ఆపుడు మాత్రం పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ నోటిఫికేషన్ల సీట్ల లిస్టు నుంచి ఒక లైన్ తీసేస్తే అయిపోతది. రెండేండ్లు అట్ల జరిగితే క్లాసుల్ల పిల్లలు ఉండరు, వర్క్‌లోడ్ లేదని టీచర్లను వేరే చోటికి పంపుతరు, అప్పుడు రద్దు తీర్మానం అవసరం సుత పడదు. అందుకే "ఈ ఒక్క ఏడే" అని నోటితోని చెప్తే నమ్మకుర్రి, మళ్ల ఎప్పుడు మొదలు పెడ్తరో, ఎంతమంది చేరితే పెడ్తరో రాసియ్యమనుర్రి.

రెండోది ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నోళ్లకు అది సుత లేదు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె, ఇయ్యకపోతే 30 రోజులల్ల ఫస్ట్ అప్పీల్, ఆ తర్వాత 90 రోజులల్ల స్టేట్ ఇన్ఫర్మేషన్ కమిషన్‌కు. అయితే పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తరు. "మా కోర్సు ఎందుకు మూస్తున్నరు" అని రాస్తరు. ఎందుకు అనే ప్రశ్నకు ఆర్టీఐల జవాబు రాదు, "అది సమాచారం కిందికి రాదు" అని ఒక్క లైన్ రాసి పంపుతరు, ఆ జవాబులు ఎట్ల రాస్తరో నాకు తెలుసు. కాయితాలు అడగాలె. మీ డిపార్ట్‌మెంటుకు శాంక్షన్ అయిన పోస్టులు ఎన్ని, ఇప్పుడు పనిచేస్తున్నోళ్లు ఎందరు, ఒక్కో పోస్టు ఏ తారీకు నుంచి ఖాళీ, గత అయిదేండ్లల్ల సీట్లు ఎన్ని చేరింది ఎందరు, పార్ట్ టైం టీచర్లకు ఏడాదికి ఇచ్చిన మొత్తం, పిల్లల నుంచి వచ్చిన ఫీజు మొత్తం, కోర్సు గురించి మాట్లాడిన మీటింగుల మినిట్స్ కాపీలు. ఇవి చేతికి వస్తే పోస్టు ఖాళీ అయిన తారీకులు, అడ్మిషన్లు తగ్గిన ఏండ్లు పక్కపక్కన పెట్టి చూడు, మాట్లాడాల్సింది అంతా అందులనే దొరుకుతది. ధర్నా చెయ్యొద్దని నేను అనను, యూనివర్సిటీ ఫస్ట్ గేట్ ముంగట కూసొని సాధించుకున్నయ్ ఈ గడ్డ మీద ఎన్నో ఉన్నయ్, కానీ చేతిల అంకెలు పెట్టుకొని కూసున్నోళ్ల మాట లోపలోళ్లు వేరే తీరుగ వింటరు.

మూసుడు ఒక్కటే దారి సుత కాదు. రెండు చిన్న డిపార్ట్‌మెంట్లు కలిపి కామన్ పేపర్లు పెట్టొచ్చు, వేరే ఎం.ఏ. పిల్లలకు మీ పేపర్లు ఎలెక్టివ్‌గ ఇయ్యొచ్చు, పక్క యూనివర్సిటీ టీచర్‌తోని ఆన్‌లైన్ల ఒక పేపర్ చెప్పియ్యొచ్చు. ఇంకో మాట, సీపీగెట్ అడ్మిషన్లు ఆలస్యమైతే పిల్లలు అప్పటికే బీఈడీలనో, ప్రైవేట్ జాబ్‌లనో చేరిపోతరు. కౌన్సెలింగ్ జూలైల అయిపోతే చాలా డిపార్ట్‌మెంట్లల్ల సీట్లు ఇంకొన్ని నిండుతయ్, దానికి బడ్జెట్ ఏం అక్కెరలేదు. ఇవి మీ అర్జీల రాయిర్రి, వద్దు అనుడే కాకుండ ఇట్ల చెయ్యిర్రి అని సుత ఉంటే దాన్ని మీటింగుల పెట్టనీకి ఎవరో ఒకరు ముందుకు వస్తరు.

తమ్ముడి సంగతి. ఇక్కడ నా మనసు ఒకటి చెప్తది, నీ ఇంటి పరిస్థితి ఇంకోటి చెప్తది. రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, మనమంతా సంబరపడ్డం, కానీ ఆ కాకతీయుల శాసనాలు కూసొని చదివేటోళ్లు రేపు ఎక్కడ తయారైతరు? గోండి, కొలామి, కోయ మాట్లాడే ఊళ్లు మన ఉత్తర తెలంగాణల ఉన్నయ్, వాటి మీద పనిచేసే లింగ్విస్టు, ఆంత్రోపాలజిస్టు ఏ సెల్ఫ్ ఫైనాన్స్ కాలేజీ నుంచి వస్తడు? ఇసొంటి కోర్సులు పబ్లిక్ యూనివర్సిటీ నడపకపోతే ఇంకెవరూ నడపరు, అది నేను గట్టిగ నమ్ముత. కానీ ఆ బరువు డిగ్రీ చదివే ఒక్క పిలగాని మీద పెట్టుడు న్యాయం కాదు. అందుకే వాడు చేరే ముందు కొన్ని చూసుకోవాలె. ఆ సబ్జెక్టు నెట్, సెట్ లిస్టుల ఉందా. జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టులల్ల ఉందా, 2022 డిసెంబర్ల వచ్చిన 1,392 జేఎల్ పోస్టుల నోటిఫికేషన్ తీసి సబ్జెక్టుల వారీగ పోస్టులు చూడు, ఏ పీజీకి టీచింగ్ దారి ఉందో, దేనికి లేదో అందుల తేటగ కనపడ్తది. డిపార్ట్‌మెంట్ల పర్మనెంట్ టీచర్లు కనీసం ఇద్దరన్నా ఉన్నరా, వాళ్లకు ఇంకా ఎన్నేండ్ల సర్వీసు ఉంది. సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా, ఎందుకంటే సెల్ఫ్ ఫైనాన్స్‌ల పిల్లలు తగ్గితే మొదటి వేటు దాని మీదనే పడ్తది. ఇవన్నీ సరిగ ఉంటే, వానికి ఆ సబ్జెక్టు మీద ప్రేమ ఉంటే, చేర్పియ్యి. సీటు ఈజీగ దొరుకుతది కదా అని మాత్రం చేర్పియ్యకు.

ఇగ నీ పని రేపటి నుంచే మొదలు పెట్టు. మీ బ్యాచ్ అందరి సంతకాలతోని రిజిస్ట్రార్ పేరు మీద ఒక అర్జీ రాయిర్రి, కాపీలు హెడ్‌కు, డీన్‌కు, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు. మూడే అడగండి: మా బ్యాచ్ పూర్తయ్యేదాక ఈ సిలబస్, ఈ పేపర్లు నడుపుతమని, తర్వాత ఎన్నేండ్ల వరకు సప్లిమెంటరీ పెడ్తరో, సెకండియర్ పేపర్లు ఎవరు చెప్తరో. ఇన్‌వర్డ్ సెక్షన్ల ఇచ్చి మీ కాపీ మీద నంబరు, ముద్ర, తారీకు ఏపిచ్చుకోండి, వాట్సాప్ల పంపితే లెక్కకు రాదు. రాసినంక ఇచ్చే ముందు ఒకసారి చూపియ్యాలనుకుంటే పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టు బిడ్డా, దిద్ది ఇస్త.